సారమ్మలందరూ ఒకే మిషన్‌లో

ఉద్యోగం కొత్తలో మనిషికి భయం ఉండదు. భయపడటానికి కావలసిన తెలివి అప్పటికింకా రాదు. మడికొండ ఐటీ పార్కులో నేను చేరిన ఆ రోజుల్లో, హనుమకొండలోని ఒక కంటి దవాఖానాకు అపాయింట్‌మెంట్ల సాఫ్ట్‌వేర్ చేస్తున్నాం. రోగుల వివరాలన్నీ ఒక్క మిషన్, అంటే ఒక్క కంప్యూటర్, మోయలేదు, నాలుగింటికి పంచే దారి చూడమన్నారు నన్ను. నేను అక్షరమాలను నాలుగు ముక్కలు చేశాను. పేరు అచ్చుతో మొదలైతే మొదటి మిషన్, 'క' నుంచి 'న' దాకా రెండోది, 'ప' నుంచి 'ల' దాకా మూడోది, 'వ' నుంచి చివరి దాకా నాలుగోది. నాలుగోదానికి అక్షరాలు తక్కువ కదా అని ఆఫీసులో అన్నిటికన్నా పాత మిషన్ ఇచ్చాను (ఆ తెలివికి నేనే మురిసిపోయాను కూడా). ఏదైనా పడిపోతే పని ఆగకూడదని ప్రతిదాని వివరాలకూ ఇంకోదానిలో నకలు పెట్టాను. నాలుగోదాని నకలు మొదటిదానిలో ఉంది.

దాన్ని మొదలుపెట్టిన సోమవారమే మా నానమ్మ సారమ్మకు అదే దవాఖానాలో కంటి ఆపరేషన్. పక్కింటి అండాలమ్మకూ అదే రోజు కావడంతో ఇద్దరూ ఒకే ఆటోలో వెళ్ళారు. పదింటికి ఫోన్.

"బిడ్డా, నీ కంప్యూటర్ల సారమ్మ పేరే లేదంటాండ్లు. అండాలమ్మది ఉన్నదట. నేనేం పాపం జేసిన?"

చూస్తే నాలుగో మిషన్ కొయ్యబారి ఉంది. "ఫికర్ జేయకు నానమ్మా, నకలున్నది. జర ఆగు, వస్తది" అన్నాను. నిజంగానే పని మొదటి మిషన్‌కు మారింది. ఐదు నిమిషాలకు మళ్ళీ ఫోన్.

"నా పేరు గింత సేపు కనవడి మళ్ళ పోయింది. ఇప్పుడు అండాలమ్మది గూడ పోయింది." రెండో మాటలో కొంచెం తృప్తి వినిపించింది.

ఒకటి పడితే ఇంకోటి ఆదుకుంటుందని చదివాను గానీ, పడినదాని బరువుకు ఆదుకున్నదీ పడుతుందని ఊహించలేదు. పైగా రెండో మిషన్, మూడో మిషన్ దాదాపు ఖాళీగా కూర్చున్నాయి. మా సీనియర్ అక్క నాలుగోదాని జాబితా తెరిచింది. సమ్మయ్య, సారయ్య, సదయ్య, సాంబయ్య, సమ్మక్క, సారమ్మ, మళ్ళీ సమ్మయ్య. రోగుల్లో సగానికి పైగా 'స'లోనే, నేనిచ్చిన ఆ పాత మిషన్‌లోనే ఉన్నారు.

"ఈడనే పుట్టినవు కదా. మన దిక్కు పేర్లు ఎట్లుంటయో యాదికి రాలేదా?" అంది అక్క నెమ్మదిగా. తిట్టినా బాగుండేది.

అక్షరాలు వదిలేసి, రోగుల కార్డు నంబర్లను కలగలిపి పంచాం. సమ్మయ్యలు తలా ఒక దిక్కుకు పోయారు. ఒక మిషన్ నకలంతా ఒకేచోట పెట్టకుండా మిగిలిన మూడింటికీ విడదీశాం. అందాకా దవాఖానాలో పేర్లు కాగితం మీద రాసుకున్నారు.

మధ్యాహ్నం పరుగున వెళ్ళేసరికి నానమ్మ ఆపరేషన్ అయి, కంటికి పట్టీతో బయటికి వస్తోంది. నన్ను చూసి హాలంతా వినబడేలా, "గా కంప్యూటర్ జేసింది నా మనుమరాలే" అంది. పొద్దుట్నుంచి కాచుకున్న సారమ్మలూ సమ్మయ్యలూ అందరూ నా వైపు తిరిగారు. నేను మెడలోని ఐడీ కార్డును చున్నీ కింద దాచుకున్నాను.

ఒక పెద్దాయన నన్ను కింది నుంచి పైదాకా చూసి, "గట్లనా బిడ్డా. మంచిగ సదువుకో" అన్నాడు.

నా చదువు అప్పటికే పూర్తయిందని ఆయనకు చెప్పబుద్ధి కాలేదు. ఇప్పుడు కొత్తవాళ్ళకు నేనే పాఠం చెబుతున్నాను. అయినా ఆయన ఎదురుపడితే, చదువుకుంటున్నాననే అంటాను.