ఊరి పేరు మీద నల్ల గీత

మొన్న చాంగీ బిజినెస్ పార్క్‌లో, మా ఆఫీసు మీటింగు గదిలో ఎవరో తెల్లబోర్డు మీద చెరగని మార్కరుతో రాసేశారు. కొత్తగా చేరిన అమ్మాయి స్పిరిట్ పోసి గుడ్డతో తోముతుంటే కరిగిన సిరా ఘాటైన వాసన గదంతా నిండింది. మిగతావాళ్ళు ముక్కు మూసుకుని నవ్వుకుంటూ బయటికి వెళ్ళారు. నేను కూర్చున్నచోటే ఉండిపోయాను. అది సఫియా ఆంటీ గది వాసన. ఆవిడ గుర్తొస్తే ముందు ఆ వాసన వస్తుంది, వెనకే సిగ్గు వస్తుంది. ఏడేళ్ళుగా ఈ వరస మారలేదు.

ప్రొఫెసర్ సఫియా వలస వెళ్ళినవాళ్ళ మీద, శరణార్థుల మీద పరిశోధన చేసేవారు. నిజామాబాద్‌లో పుట్టి, హైదరాబాద్‌లో చదివి, ఏవేవో సరిహద్దుల్లోని శిబిరాల్లో చాలా ఏళ్ళు తిరిగి, చివరికి సింగపూర్‌లో ఒక విశ్వవిద్యాలయంలో చేరారు. అక్కడికి దగ్గర్లోనే సైన్స్ పార్క్‌లో నేను డేటాబేస్ ప్రోగ్రామర్ని. వయసు ఇరవై నాలుగు. భవన నిర్మాణంలో పనిచేసే తెలుగువాళ్ళ మాటలు టేపుల్లో ఉన్నాయి, విని తెలుగులో టైపు చేసేవాళ్ళు కావాలి అని ఒక కిరాణా కొట్టు గోడ మీద ఆవిడ కాగితం అంటించారు. అది చూసి వెళ్ళాను.

"జీతం లేదు బేటా, బిర్యానీ ఉంది," అన్నారు మొదటిరోజే. "పరేషాన్ కాకు, నేను వండను. మా ఆయన వండుతడు."

ఆవిడ పని తీరు నాకు మొదట్లో వింతగా ఉండేది. ఆదివారం లిటిల్ ఇండియాలో కార్మికులు చేరే మైదానంలో, చెట్టు కింద వార్తాపత్రిక పరుచుకుని కూర్చునేవారు. ఒక మనిషితో గంట, రెండు గంటలు మాట్లాడి రికార్డు చేసేవారు. వారంలో నేను టైపు చేసిచ్చేవాణ్ణి. మరుసటి ఆదివారం ఆ కాగితాలు పట్టుకెళ్ళి, ఆ మనిషికే మొదటినుంచి చివరిదాకా చదివి వినిపించేవారు. చదవడం అయ్యాక ఒకే ప్రశ్న అడిగేవారు: "ఇందులో ఏది తీసేయమంటావు?" అతను ఏది వద్దంటే దాన్ని అతని కళ్ళముందే నల్ల మార్కరుతో కొట్టేసేవారు. కొందరు సగం పేజీ కొట్టించేవాళ్ళు. ఎందుకని ఆవిడ అడిగేవారు కాదు. ఊరి పేరు మాత్రం ఎవరూ చెప్పకముందే కొట్టేసేవారు.

ఆ నల్ల గీతలు చూస్తే నాకు ప్రాణం పోయినట్టుండేది. ఒకసారి ఉండబట్టలేక అడిగాను.

"ఆంటీ, పేరు బదులు నంబరు ఇచ్చాం కదా. ఊరు ఉంటే వచ్చే నష్టమేంటి?"

"ఇద్దరు తెలుగోళ్ళు కలిస్తే మొదలు ఏమడుగుతరు?"

"మీదేవూరని."

"పేరు కన్నా ముందే ఊరు అడుగుతరు. ఊరు తెలిస్తే ఇల్లు తెలుస్తది, ఇల్లు తెలిస్తే మనిషి దొరుకుతడు. ఇంక నీ నంబరు ఏం చేస్తది?"

అర్థమైందన్నట్టు తలూపాను. కానీ నా కంప్యూటర్లోని పట్టికలో ఏడు గడులు ఉండేవి: నంబరు, వయసు, జిల్లా, ఊరు, చదువు, పని, గాయం. ఊరు గడిని తీసేయలేదు, కనబడకుండా దాచాను. ఎప్పుడైనా పనికొస్తుందనుకున్నాను. చేతికొచ్చిన సమాచారాన్ని చెరిపేయడం నా చదువులో ఎవరూ నేర్పలేదు.

అలా మాట్లాడినవాళ్ళలో ఒకతన్ని అప్పన్న అంటాను. అది అసలు పేరు కాదు. శ్రీకాకుళం జిల్లావాడు, ముప్పై దాటి ఉంటాయి. ఇనుప కడ్డీలు కట్టే పని. రెండో అంతస్తు నుంచి పడి నడుం దెబ్బ తింది. చొక్కా కింద తువ్వాలు బిగించి కట్టుకుని పనిలోకి వెళుతున్నాడు.

"ఆస్పత్రికెల్తే అట్నుంచటే ఇంటికి పంపిస్తామన్నారమ్మా," అన్నాడు. "వచ్చే సోమారం కాదు, ఆ పై సోమారం నానూ మా రావులూ సెలవెట్టి, ఎల్లి లేబరాపీసులో ఫిర్యాదిస్తాం. అందాకా ఎవులికీ తెలకూడదు."

"తెల్వదు," అన్నారు సఫియా ఆంటీ. నా వైపు చూశారు. నేనూ తలూపాను. రావులు అంటే రాములు, అప్పన్నతో ఒకే గదిలో ఉండేవాడు, చిన్ననాటి స్నేహితుడు. వాళ్ళవి పక్కపక్క ఊళ్ళు.

ఫిర్యాదు ఇవ్వాల్సిన సోమవారానికి ముందు బుధవారం సెలవు. బుకిట్ పంజాంగ్‌లో మా సీనియర్ ఒకాయన ఫ్లాట్‌లో మధ్యాహ్నం భోజనాలు. నాలుగైదు తెలుగు కుటుంబాలు వచ్చాయి. అక్కడ మధుగారని ఒకాయన పరిచయమయ్యారు. ఒక నిర్మాణ సంస్థలో ప్రాజెక్టు మేనేజరు. నా ఉద్యోగ ఒప్పందం ఇంకో రెండు నెలల్లో ముగుస్తుంది. వాళ్ళ ఆఫీసులో కంప్యూటర్లు చూసుకునే మనిషి కావాలని ఆయన అప్పుడే అన్నారు.

"తమ్ముడూ, ఆదివారాలు ఏదో ప్రొఫెసరమ్మతో తిరుగుతున్నావట. మా శ్రీకాకుళం వాళ్ళెవరైనా తగిలారేంటి?" అన్నారు పులిహోర గిన్నె నా వైపు జరుపుతూ.

"తగిలారండీ," అన్నాను.

"ఏ ఊరు?"

చెప్పాను. ఊరు చెప్పి ఆగలేదు. కడ్డీలు కట్టే పని అనీ, పడ్డాడనీ, దాచిపెట్టి పనిచేస్తున్నాడనీ, సోమవారం ఫిర్యాదుకు వెళుతున్నాడనీ ఆవేశంగా చెప్పాను. చుట్టూ ఉన్నవాళ్ళు తినడం ఆపి వింటుంటే నాకు గొప్పగా అనిపించింది. పేరు మాత్రం చెప్పలేదు. పేరు అడిగితే, "అది చెప్పకూడదండీ, రూలు," అని నవ్వాను కూడా.

"అయ్యో పాపం, మన పక్కూరోడే," అన్నారు మధుగారు. తర్వాత క్రికెట్ మాటల్లో పడ్డాం.

ఆదివారం మైదానంలో అప్పన్న కాగితాలతో, అతని కోసం కట్టించిన బిర్యానీ పొట్లంతో ఆంటీ ఎదురుచూశారు. రాములు ఒక్కడే వచ్చాడు.

"ఆడు లేడమ్మా. సుక్కురారం పొద్దున్నే పాస్‌పోర్టు సేతిలో ఎట్టి వేను ఎక్కించేసినారు. ఆ ఊరోడు ఎవుడ్రా అని మేస్త్రీ గదికొచ్చి అడిగినాడు. మా కాడ ఆ ఊరోడు ఆడొక్కడే."

నేను మధుగారికి చెప్పిన ఊరే మేస్త్రీ దాకా చేరిందని నాకు ఆ క్షణంలోనే తెలిసిపోయింది. మైదానంలో ఎవరో నవ్వుతున్నారు, ఎవరో ఫోనులో ఇంటికి మాట్లాడుతున్నారు.

తప్పు తనదేననుకున్నారు సఫియా ఆంటీ. టేపులన్నీ మళ్ళీ విన్నారు. పుస్తకాలు, జిరాక్సు కాగితాలు, చెత్తబుట్ట కూడా వెతికారు. ఎక్కడో ఒక గీత గీయడం మరిచిపోయి ఉంటానని కాగితాలను దీపానికి ఎదురుగా పెట్టి చూశారు. నేను పక్కనే కూర్చుని అందించేవాణ్ణి. మూడు వారాలు అలా అందించాను. ఒకరోజు ప్రింటరు దగ్గర ఆవిడ రాసిన ఉత్తరం కనిపించింది. తన అజాగ్రత్త వల్ల ఒక మనిషికి హాని జరిగిందనీ, పరిశోధన ఆపేస్తున్నాననీ విశ్వవిద్యాలయానికి రాశారు. ఆ కాగితం పట్టుకుని ఆవిడ గదిలోకి వెళ్ళి చెప్పేశాను.

ఆవిడ తిట్టలేదు. పెన్ను తీసుకున్నారు. ఏ రోజు, ఎవరింట్లో, ఎవరితో, ఏ మాటలు, ఎందుకు అని ఒక్కొక్కటే అడిగి రాసుకున్నారు. "ఎందుకు" అన్నదానికి, మధుగారి ఆఫీసులో ఉద్యోగం కోసమని చెప్పాను. రాయడం అయ్యాక, మైదానంలో చదివే గొంతుతోనే నాకు మొత్తం చదివి వినిపించారు. చివర అడిగారు:

"ఇందులో ఏది తీసేయమంటావు?"

"నా పేరు," అన్నాను.

ఆవిడ తలెత్తి చూడలేదు. మార్కరు మూత తీశారు. ఆ వాసన వచ్చింది.

తర్వాతి సెలవుల్లో ఆవిడ హైదరాబాద్ వెళ్ళి, అక్కణ్ణుంచి రైల్లో శ్రీకాకుళం వెళ్ళి అప్పన్నను కలిసి వచ్చారు. నన్ను రమ్మనలేదు, నేనూ వస్తాననలేదు. తిరిగొచ్చాక గదికి పిలిచారు.

"నడుం జర నయమే ఉంది. బరువు ఎత్తలేడు," అన్నారు ముందు. నేను అతను నా గురించి ఏమన్నాడోనని ఎదురుచూస్తున్నాను.

"ఎవరు చెప్పిన్రని అడిగిండు. చెప్పనని అన్న. రాములే చెప్పిండని అనుకుంటుండు. కాదని అన్న, నమ్మలే."

మర్నాడు ఉత్తరం రాసి పట్టుకెళ్ళాను. ఆరు వాక్యాలు, చివర నా పేరు, సంతకం. ఆవిడ చదివి నాకే తిరిగిచ్చారు.

"నీ పట్టికల అయిదో గడి చూడు బేటా."

అయిదో గడి చదువు. అప్పన్న వరసలో "లేదు" అని నేనే టైపు చేశాను. నా ఉత్తరం అతను చదవలేడు. సింగపూర్‌లో ఉన్నన్నాళ్ళూ అతనికి ఇంటి ఉత్తరాలు చదివిపెట్టింది రాములు.

ఆ ఆదివారం మైదానంలో రాములుకు నేనే చెప్పాను. ఆంటీ కొంచెం దూరంగా నిలబడ్డారు. కొడతాడనుకున్నాను.

"ఆడు మా యమ్మ ఎదురుపడితే మొకం తిప్పుకుంతన్నాడంట బాబూ," అన్నాడు. "ఫోను కారడుందా?"

వాళ్ళ ఊరి ఎస్టీడీ బూత్‌కు ఫోను చేసి అప్పన్నను పిలవమన్నాం. పావుగంట తర్వాత మళ్ళీ చేశాం. నా పేరు చెప్పాను. టేపు రికార్డరు పట్టుకుని కూర్చునేవాణ్ణని చెప్పాను. రాములు కాదు, నేనే చెప్పానని చెప్పాను.

"నా పేరు సెప్పినారా?" అన్నాడు అప్పన్న.

"లేదు. ఊరు మాత్రమే."

"ఊరు సెప్పేసేక ఇంకేటుంది బాబూ." కాసేపు గరగర శబ్దం. "రావులికియ్యండి."

ఇచ్చాను. రాములు గోడవైపు తిరిగాడు. తర్వాత, "ఒరే, నడుమెలగుందిరా?" అన్నాడు.

గాయం గడి నింపినవాణ్ణి నేను. ఆ మాట నేను అడగలేదు.

తిరిగి వెళ్ళేటప్పుడు సఫియా ఆంటీ సంచిలోంచి ఆ రోజు రాసుకున్న కాగితం తీసి నాకిచ్చారు. ఆ తర్వాత రెండేళ్ళకు ఉద్యోగ విరమణ చేసి హైదరాబాద్ వెళ్ళిపోయారు. మధుగారి ఆఫీసు ఉద్యోగానికి నేను వెళ్ళలేదు, కానీ దాన్ని మంచితనం కింద రాసుకోను. అప్పటికి అది ఎంత చిన్న విషయమో నాకు తెలుసు.

ఇప్పుడు ఏ భోజనాల్లోనూ ఎవరినీ ఊరు అడగను. ఆఫీసులో అక్కర్లేని గడులను దాచను, చెరిపేస్తాను. ఆ కాగితం నా సొరుగులో ఉంది. నా పేరున్నచోట నల్ల గీత. వెలుగుకు పెడితే కింద అక్షరాలు కనిపిస్తాయి. అడుగున ఖాళీలో అప్పన్నను అడగాల్సిన ప్రశ్న నా చేత్తో రాసిపెట్టుకున్నాను: నడుం ఎలా ఉంది? పక్కనే ఆ ఊరి బూత్ ఫోను నంబరు కూడా ఉంది. ఇన్నేళ్ళలో మూడుసార్లు ఆ అంకెలు నొక్కాను. అవతల ఎవరో ఎత్తి, "ఎవరండీ, ఏ ఊరు?" అంటారు. మూడుసార్లూ పెట్టేశాను.