అడిగి ఊరుకునే ఆవిడ

మదనపల్లెలో మా చర్చి స్త్రీల సమాజానికి చాలా ఏళ్లు నేనే కార్యదర్శిని. ఆసుపత్రిలో రోగులను పలకరించడానికి ఎవరు ఏ రోజు వెళ్లాలో పట్టిక రాసి, మైకులో చదివి, వాట్సాప్‌లో పెట్టేదాన్ని. వచ్చేది ముగ్గురో నలుగురో.

పుంగనూరు నుంచి వచ్చి మా వీధిలో బట్టలు కుట్టే ఆవిడను ఒక ఏడు అధ్యక్షురాలిని చేశారు. ఆవిడ మైకు ముట్టేది కాదు. ప్రార్థన అయ్యాక ఒక్కొక్కరి పక్కన కూర్చుని, "నీకు యా దినం కుదురుతాదమ్మా?" అని అడిగి, ఇక మాట్లాడకుండా వాళ్ల ముఖమే చూస్తూ ఉండేది. ఎవరూ కాదనలేకపోయేవారు. రెండు నెలల్లో ఆసుపత్రికి రాని ఆడమనిషి లేదు. నాకు ఒళ్లు మండిపోయేది.

ఒక ఆదివారం రాజీనామా కాగితం ఇచ్చేశాను. సాయంత్రం ఆవిడ మా ఇంటికి వచ్చింది.

"నా మీద కోపమా అక్కా?" అని అడిగి, ఎప్పటిలాగే ఊరుకుంది.

ఆ చూపుకు నేనూ ఆగలేకపోయాను. "కోపం కాదు, కుళ్లు," అనేశాను.

ఆవిడ నవ్వలేదు. "నాకు సదువు రాదక్కా. మైకు ముందర నిలబడితే కాళ్లు వణుకుతాయి. నిన్ను సూసి నేనే కుళ్లుకుంటాండాను," అంది.

కాగితం వెనక్కి తీసుకున్నాను. నాలుగేళ్లు కలిసి పనిచేశాం.

పోయిన ఏడు ఆవిడ కూతురు ఆవిడను తన దగ్గరికి కుప్పం తీసుకెళ్లిపోయింది. మొన్న ఒక పెళ్లిలో కుప్పం ఆమె ఒకతి, "మా చర్చికి ఒకాయమ్మ వచ్చిండాది. ఇప్పుడు ఆడోళ్లంతా ఆసుపత్రికి పోతాండారు," అని మురిసిపోయింది.

మంచిదే అన్నాను. ఆ కుప్పం వాళ్ల మీద వచ్చినంత కుళ్లు నాకు ఆవిడ మీద కూడా ఎన్నడూ రాలేదు.