తెర మీద అరచెయ్యి

సాయంత్రం అయిదింటికి గోదారి మధ్య లంకలో దిగాం. వాన తెరిపివ్వలేదు. రెండు పడవలు, ఇరవై లైఫ్ జాకెట్లు, ఒక వాకీటాకీ. పొద్దున ఏడింటికల్లా లంక ఖాళీ చేయించాలని ఆర్డరు. నేను ఆర్మీలో సిగ్నల్స్ హవల్దారుని, వైర్‌లెస్ నా పని.

ఆరూ పదికి లోకల్ కేబుల్ చానెల్లో వరద హెచ్చరిక చదువుతుండగా తెర చెదిరింది. ముసుగు మనిషి ఒకడు ప్రత్యక్షమయ్యాడు. మాట లేదు. అరచెయ్యి ఎత్తి నిమిషమున్నర కూర్చున్నాడు. తర్వాత హెచ్చరిక మళ్ళీ సగం నుంచి వచ్చింది. ఎవరో సిగ్నల్ లాక్కున్నారు. అది నాకు తెలుసు. లంకకి తెలీదు. ఎనిమిదింటికి కరెంటు పోయింది. ఆ చెయ్యి మాత్రం ఇంటింటా మాటల్లో వెలుగుతూనే ఉంది.

పొద్దున జనం సణుగుతూనే పడవలెక్కారు. చివరి ఇల్లు కదల్లేదు. రిటైరైన సైన్సు మాస్టారిది. పన్నెండింటికి ఆయనకి రాజమండ్రిలో డయాలసిస్. తప్పితే ప్రాణం మీదికొస్తుంది.

"గోదారమ్మే అభయం ఇచ్చిందండి," అన్నారు ఆయన భార్య.

"అమ్మా, మా డ్రిల్లులో అరచెయ్యి చూపిస్తే ఆగమని."

"ఆగమన్నా మంచిదేనండి. ఆగుతాం."

మాస్టారి వైపు తిరిగాను. "ముప్పై ఏళ్ళు సైన్సు చెప్పారు కదండీ!"

"పాఠం వేరు బాబూ. ఇది కళ్ళారా చూసిందాయె."

ఒళ్ళు మండింది. గోడ మీద బొగ్గుతో బొమ్మ గీసి, సిగ్నల్ ఎలా దొంగిలిస్తారో వివరించాను. నలభై నిమిషాలు. వాదనలో ఒక్క లోపం లేదు. నీళ్ళు మొదటి మెట్టు నుంచి మూడో మెట్టుకొచ్చాయి.

వాకీటాకీలో కమాండర్. "పడవ రెండు, ఏం చేస్తున్నారు? ఓవర్."

"నచ్చజెబుతున్నాను సార్. ఓవర్."

"ఎవరు చెప్పమన్నారయ్యా? ఎక్కించు!"

మా పడవ నడిపే నాయక్ గుమ్మంలోంచి తల లోపలికి పెట్టాడు. "మామ్మగారూ, టీవీ కూడా తెచ్చేసుకోండి. క్యాంపులో కరెంటుంది. అమ్మవారు మళ్ళీ చెయ్యి చూపిస్తే అక్కడే చూద్దురుగాని."

రెండు నిమిషాల్లో ఎక్కారు. నా హేతువాదం ఆ గోడ మీదే మునిగిపోయింది.

మాస్టారు ఆసుపత్రికి గంట ఆలస్యంగా చేరారు. బతికారు. ఆ గంటలో నలభై నిమిషాలు నావి.

పదకొండో రోజు రాజమండ్రిలో రైలెక్కాం. అంతకుముందు పోలీసులు నన్నూ అడిగారు, "మీరు సిగ్నల్స్ వాళ్ళే కదండీ?" అని. ఆ ముసుగు ఎవరిదో ఇప్పటికీ తేలలేదు. నాకు పెన్షన్ కూడా వచ్చేసింది.

పడవలో ఒక్క క్షణం మాత్రం నన్ను వదలదు. మాస్టారి ఒళ్ళో టీవీ. తెర మామ్మగారి వైపు. ఆవిడ వెనక నిలబడి, ఎదురొస్తున్న పడవని ఆగమని చెయ్యెత్తాను. మామ్మగారు గభాలున చేతులు జోడించారు. నల్లటి తెరలో నా అరచెయ్యి.