తాతయ్య ఊఁ కొట్టని వాక్యం

నా చిన్నప్పుడు నేను మొట్టమొదట అనుమానించింది మా తాతయ్యని. నేను కష్టపడి కథ చెబుతుంటే ఆయన మధ్యలో నిద్రపోతున్నాడని.

అప్పుడు మేం అమెరికాలో, హెర్న్‌డన్‌ అనే ఊళ్ళో ఉండేవాళ్ళం. తాతయ్య కొన్ని నెలలు మాతో ఉండడానికి వచ్చాడు. మా స్కూల్లో ఏటా ఒక ప్రదర్శన జరిగేది. పిల్లలు ఎవరో ఒక గొప్పవాళ్ళ వేషం వేసుకుని, మైనపు బొమ్మల్లా కదలకుండా నిలబడాలి. చూడడానికి వచ్చినవాళ్ళు మా ముందున్న ఎర్ర కాగితం బటన్ నొక్కితే, ఆ మనిషే మాట్లాడుతున్నట్టు జీవితకథ చెప్పాలి. నాకు యుద్ధాలు గెలిచి, తర్వాత దేశానికి ప్రెసిడెంట్ అయిన ఒక జనరల్ వేషం వచ్చింది. పదిమందిలో నోరు విప్పాలంటేనే నాకు భయం. అందుకని స్కూల్ నుంచి రాగానే ఆ జనరల్ గురించిన బొమ్మల పుస్తకం పట్టుకుని, నాకొచ్చిన తెలుగులో తాతయ్యకి చెప్పి ప్రాక్టీస్ చేసేదాన్ని.

తాతయ్య ప్రతి వాక్యానికీ ఊఁ కొట్టేవాడు. జనరల్ గుర్రమెక్కితే ఊఁ. మంచులో సైన్యాన్ని నడిపిస్తే ఊఁ. ప్రెసిడెంట్ అయితే ఇంకాస్త గట్టిగా ఊఁ. ఆయన పెద్ద ఫార్మ్‌లో బోలెడంతమంది హెల్పర్స్ సంతోషంగా పనిచేసేవారు అన్నప్పుడు మాత్రం చప్పుడు లేదు.

"తాతయ్యా, పడుకున్నావా?"

"లేదమ్మడూ, వింటున్నా."

"మరి ఊఁ అనలేదేం?"

"రాలేదమ్మా, ఏం చేయను?"

మర్నాడూ అక్కడే ఆగిపోయాడు. కావాలనే ఏడిపిస్తున్నాడని నాకు ఒళ్ళు మండింది. నా తెలుగు బాలేదా అని అడిగాను.

"నీ తెలుగుకేం, దాని అందం దానిది. ఆ హెల్పర్స్ సంగతే నాకు మింగుడు పడట్లేదు. ఆయనేమో ఏళ్ళ తరబడి యుద్ధంలో ఉన్నాడన్నావు. వాళ్ళకి సొంత పనులుండవా? ఎవరిళ్ళకి వాళ్ళు ఎప్పుడెళ్ళేవాళ్ళు?"

నా పుస్తకంలో దానికి జవాబు లేదు. లైబ్రరీలో పెద్దవాళ్ళ వరసలోంచి తీసిన లావు పుస్తకంలో ఉంది. వాళ్ళు బానిసలు. వెళ్ళిపోవడానికి వీల్లేదు. పారిపోయినవాళ్ళని జనరల్ వెతికించేవాడు. ఇంటికొచ్చి, నీకు ముందే తెలుసు కదా అని తాతయ్యని నిలదీశాను. "నాకెలా తెలుస్తుందే? ఆయన పేరే నాకు నోరు తిరగదు" అన్నాడు. నేను నమ్మలేదు. అప్పటికి నాకు ఎవరి మీదా నమ్మకం లేదు, ఆ బొమ్మల పుస్తకం రాసినావిడ మీద అసలే లేదు.

టీచర్ ఓకే చేసిన మాటలు మార్చొద్దని అమ్మ చెప్పింది, మారిస్తే అందరి ముందూ తడబడతానని. ఆమె భయమూ నిజమే.

ప్రదర్శన రోజు బంగారు రంగు కాగితం గుండీలు అంటించిన నీలం కోటు వేసుకుని నిలబడ్డాను. మా క్లాసబ్బాయి వాళ్ళ నాన్న నవ్వుతూ బటన్ నొక్కాడు. గుర్రం, మంచు, గెలుపు అన్నీ బాగానే వచ్చాయి. ఫార్మ్ దగ్గర ఆగిపోయాను. ఆయన ఎదురుచూస్తున్నాడు. కళ్ళు మూసుకుని, "నా పొలంలో పనిచేసినవాళ్ళు నా స్లేవ్స్. వాళ్ళని ఇళ్ళకి పోనివ్వలేదు" అని ఇంగ్లీషులో అనేశాను. కళ్ళు తెరిచేసరికి ఆయన మొహంలో నవ్వు లేదు. అమ్మ పక్కన నిలబడ్డ తాతయ్యకి స్లేవ్స్ అన్న ఆ ఒక్క ఇంగ్లీషు మాట అందిందో ఏమో, మెల్లగా అన్నాడు.

"ఊఁ."

ఇప్పటికీ ఎవరి గొప్పలు చదివినా నాలో ఒక చెవి ఆ ఊఁ కోసం కాచుకుని ఉంటుంది. డైరీ రాసుకునేటప్పుడు కూడా. నా గురించి నేనే మరీ బాగా రాసుకున్న చోట ఆగి వింటాను. చప్పుడు రాకపోతే ఆ వాక్యం కొట్టేస్తాను.