‘చీఫ్’ అన్న మాట కొట్టేసినందుకు

2024 ఆగస్టు నాటికి నేను రాజోలు వైపు ఒక తహసీల్దారు కార్యాలయంలో సీనియర్ అసిస్టెంటుగా పనిచేస్తున్నాను. రెవెన్యూ శాఖలో చేరి అప్పటికి పదిహేడేళ్లయింది. పాస్ పుస్తకాలు, ధ్రువీకరణ పత్రాలు, వరద నష్టాల జాబితాలు మా ఆఫీసులో అందరూ చేసే పనులే. నాకు మాత్రం ఇంకో పని అంటుకుంది. తడబడకుండా చదువుతానని, ఏ సభ జరిగినా మైకు నా చేతికిచ్చేవారు. ‘ప్రోటోకాల్ లిస్టు’ రాయడం కూడా నా వంతే. ఎవరిని ముందు పిలవాలి, ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలి, ఎవరి పేరు ముందు ఏ హోదా పలకాలి అన్నది ఆ లిస్టులో ఉంటుంది. బయటివాళ్లకి అది చాదస్తంలా కనిపిస్తుంది. కుర్చీ ఒకటి అటూ ఇటూ అయినందుకు మూడు నెలలు మా ఆఫీసు మెట్లెక్కని సర్పంచును నేను చూశాను. అందుకని ఆ లిస్టు విషయంలో నన్ను మించిన జాగ్రత్తపరురాలు లేదని నాకో నమ్మకం ఉండేది.

ఆ ఏడాది స్వాతంత్ర్య దినోత్సవానికి మండలంలోని ముగ్గురు మాజీ సైనికులను సన్మానించాలని మా తహసీల్దారు గారు నిర్ణయించారు. వరదలొచ్చిన ప్రతిసారీ ఆ ముగ్గురూ పిలవకుండానే వచ్చి సాయం చేసేవారు. ఏసురత్నం గారు ఆర్మీలో సుబేదారుగా చేశారు. ప్రసాదరావు గారు ఎయిర్ ఫోర్సులో జూనియర్ వారంట్ ఆఫీసరు. సూర్యనారాయణ గారు నేవీలో చీఫ్ పెట్టీ ఆఫీసరుగా చేసి రిటైరయ్యారు. ముగ్గురూ పెద్ద పరీక్షలు రాసి నేరుగా అధికారులైనవాళ్లు కారు. పద్దెనిమిదేళ్లకే అట్టడుగున చేరి, ఒక్కో మెట్టూ ఎక్కి, తమ కింద పదులమందిని నడిపించినవాళ్లు.

సభంతా తెలుగులోనే జరగాలని మా సారు పట్టుదల. నేను హోదాలన్నీ కాగితం మీద పెట్టుకుని కూర్చున్నాను. సుబేదారు మనకి అలవాటైన మాటే. వారంట్ ఆఫీసరు అనగానే మా ఆఫీసులో ఎవరికైనా అరెస్టు వారంటే గుర్తొస్తుంది, అయినా దాన్ని అలాగే ఉంచేశాను. చీఫ్ పెట్టీ ఆఫీసరు దగ్గర కలం ఆగిపోయింది. ‘ముఖ్య చిన్న అధికారి’ అని రాసి చూస్తే నాకే నవ్వొచ్చింది. పైగా శాలువా కప్పేది చీఫ్ గెస్టు గారు. ఒకే వాక్యంలో ఇద్దరు చీఫ్‌లు ఎందుకనిపించి మొదటి ‘చీఫ్’ని కొట్టేశాను. ప్రశంసాపత్రంలోనూ అలాగే అచ్చు వేయించాను. ఎవరినీ అడగలేదు. ఆయన ఫోను నంబరు నా ఎదురుగా ఆ లిస్టులోనే ఉంది.

పదిహేనో తేదీ పొద్దున్న హైస్కూలు మైదానంలో సభ. పిల్లలు వరసల్లో నిలబడ్డారు, ఊరి పెద్దలు ముందు కుర్చీల్లో కూర్చున్నారు. సుబేదారు గారికి, వారంట్ ఆఫీసరు గారికి సన్మానం సజావుగా జరిగింది. తర్వాత నేను మైకులో, “భారత నౌకాదళంలో పెట్టీ ఆఫీసరుగా సేవలందించిన శ్రీ సూర్యనారాయణ గారు” అని పిలిచాను.

ఆయన మెట్లెక్కుతుండగా ముందు వరసలోంచి ఇటుకబట్టీల వీర్రాజు గారు గట్టిగా అడిగారు.

“పెట్టీ ఆఫీసరేంటండీ? పెట్టీ కేసులు చూసేవోరా?”

పోలీసు స్టేషన్లో చిన్నాచితకా తగువులను పెట్టీ కేసులంటారు కదా. మైదానం ఘొల్లుమంది. పిల్లలు కూడా నవ్వారు. నవ్వు ఆపుకోబోయి నేనూ ఆపుకోలేకపోయాను. మైకు నా నోటి దగ్గరే ఉంది. నా నవ్వు నాలుగు స్పీకర్లలోనూ వినిపించింది.

సూర్యనారాయణ గారి ముఖంలో ఏ మార్పూ లేదు. శాలువా కప్పించుకుని, పత్రం అందుకుని, చీఫ్ గెస్టు గారికి నమస్కారం పెట్టి దిగి వెళ్లిపోయారు. ఏమీ అనుకోలేదులే అని నాకు నేను చెప్పుకున్నాను.

రెండు రోజుల తర్వాత తపాలులో, అంటే ఆఫీసుకొచ్చే ఉత్తరాల కట్టలో, ఒక పెద్ద కవరు వచ్చింది. వచ్చిన ప్రతి కాగితానికీ ‘ఇన్‌వర్డ్ నంబరు’ వేసి రిజిస్టరులో ఎక్కించే పని ఆ వారం నాదే. కవరులో మేమిచ్చిన ప్రశంసాపత్రం ఉంది, దానితో పాటు ముత్యాల్లాంటి అక్షరాలతో ఒక ఉత్తరం.

“ఆర్యా, నా హోదా ఇందులో తప్పుగా ఉన్నందున ఈ పత్రం తిరిగి పంపుతున్నాను. పెట్టీ ఆఫీసరు కూడా గౌరవమైన హోదాయే. అందులోనూ నేను కొన్నేళ్లు పనిచేశాను. అది దాటి చీఫ్ కావడానికి నాకు సర్వీసులో పద్దెనిమిదేళ్లు పట్టింది. దయచేసి దిద్ది పంపగలరు.”

అంతే. నవ్వుల ఊసు లేదు, నా ఊసు లేదు. ఆ ఉత్తరానికి నంబరు వేసి రిజిస్టరులో ఎక్కించాను. కాగితం తీసుకెళ్లి సారుకి చూపించాను.

“కొత్తది ప్రింటు తీయించి వీఆర్వోతో పంపేయండమ్మా, అయిపోద్ది” అన్నారాయన.

ఆఫీసు లెక్కలో అది నిజంగా అక్కడితో అయిపోయే ఫైలే. నాకు మాత్రం అయిపోయినట్టు అనిపించలేదు. ఆ సాయంత్రం సుబేదారు ఏసురత్నం గారింటికి వెళ్లాను. జరిగింది చెప్పి, అసలు వీళ్లను ఎలా పిలవాలో నేర్పమని అడిగాను. ఆయన వాకిట్లో కుర్చీ వేసి, తాను నిలబడే మాట్లాడారు.

“మా పల్టన్లో కర్నలుగారు కూడా నన్ను ‘సాబ్’ అనే పిలిచేవోరండి. పేరు పెట్టి ఒక్కనాడు పిలవలేదు. నా కంటే పెద్దాయనే, నాకు హుకుం ఇచ్చేది ఆయనే. అయినా పిలుపు కాడికొచ్చేసరికి సుబేదార్ సాబే.”

“మరి హవల్దారుని?”

“హవల్దారుకి సాబ్ రాదండి. హవల్దార్ ఫలానా అంటారు. ఆ సాబ్ అన్న ముక్క సంపాదించుకోడానికే ఏళ్లు పడతాయి. ఎయిర్ ఫోర్సులో వారంట్ ఆఫీసర్లని కిందోళ్లు ‘సర్’ అంటారు. నేవీలో మన సూర్యనారాయణ గారిలాంటోరిని ‘చీఫ్’ అంటారు. ఓడలో ఆయన పేరు సగం మందికి తెలీదు, చీఫ్ అంటే అందరికీ తెలుసు. మీరు కొట్టేసింది హోదా ఒక్కటే కాదమ్మా. ఆయన్ని పిలిచే పేరే కొట్టేసేరు.”

మర్నాడు సూర్యనారాయణ గారింటికి వెళ్లాను. ఆయన అరుగు మీద కూర్చుని, లైఫ్ జాకెట్ల తెగిన పట్టీలను లావుపాటి సూదితో కుడుతున్నారు. ఒక్కో జాకెట్టు మీదా మా ఆఫీసు పేరు ఉంది. వరద తగ్గాక మేము గోదాములో పడేసే జాకెట్లను ఆయన ఏటా అడిగి తీసుకెళ్లి బాగుచేస్తారని నాకు ఆ రోజే తెలిసింది.

“రండమ్మా, కూర్చోండి. ఏవే, టీ పెట్టు, ఎమ్మార్వో ఆఫీసు మేడమ్‌గారొచ్చేరు” అన్నారు లోపలికి చూసి.

నేను నిలబడే చెప్పాను. తీసేసింది నేనేనని, నవ్వింది కూడా నేనేనని. ఆయన దారం కొరికి, ముడి వేసి, అప్పుడు తలెత్తారు.

“పెట్టీ అంటే చిన్న అనేనండి. పాతకాలం ఓడల్లో పెద్ద ఆఫీసర్లకీ నావికులకీ మధ్యన ఉండే చిన్నాఫీసరు. చిన్న అని ఒప్పుకోడానికి నాకేం సిగ్గు లేదు. కాని మా మనవరాల్ని బళ్లో ‘పెట్టీ’ అని పిలుస్తున్నారంట. రెండ్రోజుల్నుంచి బడికెళ్లనంటంది.”

క్షమించమని అడిగాను.

“మీరు ఇంటికొచ్చి అడిగేరు, అది మీ మర్యాద. కాని ఊరందరూ విన్నది వేరే కదండీ” అన్నారు నెమ్మదిగా. నేను టీ తాగి లేస్తుంటే, “జాకెట్లు పదకొండు అయ్యేయి, మిగతావి వారంలో ఇచ్చేత్తాను” అన్నారు.

సెప్టెంబరులో గోదావరి పొంగింది. ధవళేశ్వరంలో ప్రమాద హెచ్చరిక ఇచ్చాక మా వైపు నది మధ్యలోని లంక ఊరికి వెళ్లే కాజ్‌వే, అంటే ఏటిపాయ మీది ఎత్తు తక్కువ రోడ్డు, మునిగిపోయింది. రేవులో రెండు ఇంజను పడవలు పెట్టారు. పడవెక్కేవాళ్ల పేర్లు రాసుకునే డ్యూటీ నాది. తెల్లారి నేను వెళ్లేసరికే సూర్యనారాయణ గారు మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి మోకులు సరిచూస్తున్నారు. దిద్దిన పత్రం ఇంకా మా సారు బల్ల మీదే సంతకానికి పడి ఉంది.

పది గంటలకి గొడవ మొదలైంది. పన్నెండు మంది ఎక్కాల్సిన పడవలో ఇరవై మందికి పైగా ఎక్కేశారు. లంకలో వాళ్ల మనుషులున్నారు, గొడ్లున్నాయి. సూర్యనారాయణ గారు పడవ ముందుకొచ్చి చెయ్యి అడ్డం పెట్టారు.

“పన్నెండు మందేనండి. మిగతావోళ్లు దిగాలి. జాకెట్టు లేకుండా ఎవరూ ఎక్కడానికి లేదు.”

పడవలోంచి వీర్రాజు గారు లేచారు. మనిషి చెమటలు కక్కుతున్నాడు.

“అక్కడ నా మేనకోడలికి నెప్పులొత్తున్నాయండి! పెట్టీ ఆఫీసర్లు చెప్తే ఆగుతామేంటి? తియ్యరా పడవ!”

ఎవరో నవ్వారు. ఇంజను తిప్పే మనిషి అటూ ఇటూ చూసి, తాడు లాగబోయాడు. మైదానంలో నేను పోగొట్టింది ఏమిటో అప్పుడు నా కళ్లకి కనిపించింది. పోయింది ఒక మాట అనుకున్నాను. పోయింది, ఆ మాట ఉంటే ఆయన చెప్పినదానికి ఉండే బరువు.

రేవులో జనాన్ని పిలవడానికి చేతి మైకు ఒకటి ఇచ్చారు నాకు. అది తీసుకున్నాను.

“అందరూ ఒక్క నిమిషం వినండి. ఆగస్టు పదిహేనున మైకులో ఈయన హోదా తప్పు చదివింది నేను. నవ్విందీ నేనే. తప్పు నాది. ఈయన నేవీలో చీఫ్ పెట్టీ ఆఫీసరు. ఓడల మీద పదులమందిని నడిపినవారు, అక్కడ ఈయన్ని చీఫ్ అంటారు. ఈ రేవులో పడవ కదలాలంటే చీఫ్ గారు చెప్పాలి. ఆయన దించేసినవాళ్ల పేరు నేను రాయను. పేరు రాయకుండా పడవ కదలదు.”

అంత మాట అనే అధికారం నాకుందో లేదో ఇప్పటికీ తెలియదు. ముందుగా సుబేదారు ఏసురత్నం గారు గట్టు మీదనుంచి దిగొచ్చి, “చీఫ్, నన్నేం చెయ్యమంటారు?” అని అడిగారు. నిజానికి వాళ్ల లెక్కలో సుబేదారు ఒక మెట్టు పైవాడు. ఆ సంగతి రేవులో మా ముగ్గురికే తెలుసు.

“సాబ్, ఆ చివరోళ్లని దింపండి. వీర్రాజు గారు ఉండాలి, ఆయన మనిషికే నెప్పులు” అన్నారు సూర్యనారాయణ గారు.

ఒక్కొక్కరే దిగారు. చీఫ్ గారితో కలిపి పన్నెండు మందితో పడవ బయల్దేరింది. పాయ మధ్యలో నీటి మీద తేలే గుర్రపుడెక్క ఇంజను ఫ్యానుకి చుట్టుకుని, పడవ అడ్డం తిరిగింది. గట్టు మీద ఆడవాళ్లు కేకలు పెట్టారు. చీఫ్ గారు అందరినీ అడుగున కూర్చోబెట్టి, వెదురుగెడతో పడవని నిలువు చేయించి, తానే వంగి ఫ్యానుకి చుట్టుకున్న కాడలు కోసేశారు. అంచుకీ నీళ్లకీ మధ్య జానెడు ఎడం ఉంది. ఇరవై మందితో ఆ జానెడు ఉండేది కాదని రేవులో ఎవరికీ చెప్పక్కర్లేకపోయింది.

గంటన్నరలో ఆ అమ్మాయిని తెచ్చి అంబులెన్సు ఎక్కించారు. సాయంత్రానికి మగపిల్లాడు పుట్టాడని కబురొచ్చింది. వీర్రాజు గారు క్షమాపణలేమీ చెప్పలేదు. టీ గ్లాసు తెచ్చి, “చీఫ్ గారూ, వేడిగా ఉంది, తాగండి” అన్నారు. ఆయన ‘ఆయ్’ అని అందుకున్నారు.

వరద తగ్గాక మండల సమావేశంలో దిద్దిన పత్రాన్ని పూర్తి హోదాతో మైకులో చదివి ఇచ్చాం. ఆ సభకి ఆయన మనవరాలిని పిలిపించమని మా సారుని అడిగింది నేనే. ఆ పిల్ల ముందు వరసలో కూర్చుని, నవ్వకుండా, ప్రతి మాటా విన్నది.

అప్పట్నుంచి నేను ఏ ప్రోటోకాల్ లిస్టు రాసినా, ముందు ఆ మనిషికి ఫోను చేస్తాను. “మిమ్మల్ని ఎలా పిలవమంటారండీ?” అని అడుగుతాను. నాలుగు నెలల తర్వాత గణతంత్ర దినోత్సవానికి ఒక మాజీ సైనికుడిని పిలిచాం. ఆయన స్నేహితులు ఊళ్లో కట్టిన ఫ్లెక్సీ మీద ‘కెప్టెన్’ అని రాయించారు. నేనూ అదే రాసుకుని, అలవాటు ప్రకారం ఫోను చేశాను.

“కెప్టెన్ వద్దమ్మా. కుర్రోళ్లు అభిమానం కొద్దీ ఏయించేరు. హవల్దార్ అని పిలవండి. నేను నడిచింది అంతవరకే” అన్నారాయన.

ఎక్కువ చేసి పిలిచినా ఆ పిలుపు ఆ మనిషికి చెందదని, తక్కువ చేసి పిలిచినా చెందదని, ఆయన నడిచినంత దూరాన్ని ఆయన్నే అడిగి తెలుసుకోవాలని పదిహేడేళ్ల ఉద్యోగం నాకు నేర్పలేదు. ఒక చీఫ్, ఒక హవల్దార్ నేర్పారు. లిస్టులో ‘కెప్టెన్’ కొట్టేసి ‘హవల్దార్’ అని రాశాను. అడిగి కొట్టేశాను.