ఇమాంసాబు మా ఇంట్లో ఉంచి వెళ్ళిన పీర్లు

మా చిన్నప్పుడు... పీర్ల పండుగ వస్తోందంటే చేవెళ్లలో అందరికంటే ముందు మా నాయనమ్మకు హడావిడి మొదలయ్యేది. ఆమెను అవ్వ అనేవాళ్ళం. మాది కిరాణా దుకాణం. పీర్లను చూసుకునే ఇమాంసాబుకు, ఆ ఇత్తడి పీర్లు తోమే చింతపండు మా దుకాణం నుంచే పోవాలి. ఎందుకని ఎవరూ అడగలేదు... అదంతే.

ఊరేగుతూ వచ్చిన పీర్లు మా ఇంటి ముందు ఆగేవి. ఎత్తుకొచ్చినవాళ్ళ కాళ్ళ మీద బిందెడు నీళ్ళు పోసి, "పిల్లలను సల్లగ సూడు సామీ" అని మొక్కేది అవ్వ. తర్వాత మాకు మలీద... రొట్టెలు నలిపి బెల్లం కలిపింది. ఇప్పుడు ఏ మిఠాయి తిన్నా నాకు ఆనదు.

నిజాం నవాబుగారి రాజ్యం కూలిన ఏడు... అంతకుముందు నవాబు మనుషులకు భయపడి తలుపులు మూసుకున్నది మేము. ఇప్పుడు ముసల్మానులను కొడుతున్నారని విని, భయపడడం ఇమాంసాబు వంతైంది. ఒక పొద్దున బండి కట్టుకుని, పీర్ల పెట్టెతో వచ్చాడు.

"అక్కా, పట్నంల బిడ్డ ఇంటికి పోతున్న. గివి నీ దగ్గర ఉంచు. పండుగకు మల్ల వస్త."

"జర పైలం తమ్మీ" అంది అవ్వ. పెట్టెను దేవుడి గదిలోనే పెట్టింది. రోజూ మా దేవుడికి దీపం పెట్టి, దానికి ఊదు వేసేది.

పండుగ వచ్చింది. ఇమాంసాబు రాలేదు. పీర్లను మనమే లేపి ఊరేగిద్దామన్నారు కొందరు. ఇంకా ఆ పీర్లెందుకన్నారు మరికొందరు. అవ్వ అందరి మీదా లేచింది.

"సాయబు ఫాతెహా సదవకుంట ఎట్ల లేస్తయిరా? మనకు మొక్కుడు తెల్సు, లేపుడు తెల్వది. ఆయన్ను రానియ్యిండ్రి!"

చింతపండు నానబెట్టింది, మలీద చేసింది, వాకిట్లో కూర్చుంది. మూడు రోజులు... ఎవరూ రాలేదు. నాకు ఏడుపొచ్చింది. మలీద కోసమే అనుకుని అవ్వ ఇంత నోట్లో పెట్టింది. అదీ కొంత నిజమే.

కొన్ని నెలలకు ఇమాంసాబు కొడుకొచ్చి పెట్టె తీసుకున్నాడు. మీ నాయన రాలేదేమని అడిగింది అవ్వ.

"అబ్బాకు ఈ ఊరికి రావాలంటె బుగులైతున్నది, భయపడుతున్నడు పెద్దమ్మా."

"నేనుండంగ కూడనా?"

ఆ అబ్బాయి పెట్టె నెత్తిన పెట్టుకుని కదిలాడు. ఇమాంసాబు మళ్ళీ రాలేదు. అవ్వ పోయేదాకా ఆ బాధ పోలేదు.

సర్కార్లు ఎన్నో మారాయి... అవ్వ అడిగిన 'నేనుండంగ కూడనా?' నా చెవిలో ఇంకా వినిపిస్తూనే ఉంది. మీ ఊళ్ళో అందరూ కలిసి చేసుకునే పండుగ ఇంకా ఏదైనా మిగిలిందా? ఉంటే రాయండి... నడవలేకపోయినా సరే, ఎవరినైనా పట్టుకుని వచ్చి చూడాలనుంది.