గీత కిందికి దిగితే

కోరుట్లలో పెళ్లికి ముందు, సిరిసిల్లలో పెళ్లి తర్వాత నేను చుట్టిన బీడీల పీఎఫ్ డబ్బు చేతికొచ్చినప్పుడు మా ఇద్దరికీ ఒకటే ఆశ: రెండు పాత సాంచాలు కొనాలి. సాంచ అంటే మా దగ్గర మరమగ్గం. మా ఆయన పెళ్లికి ముందు నుంచీ ఆసామి, అంటే సాంచాల యజమాని, షెడ్డులోనే నడుపుతున్నాడు. ఆ డబ్బు సొంత సాంచాలకు సగానికే సరిపోయింది. మిగతా సగం షేర్లలో వస్తుందని ఆయన నమ్మకం. నాకంత నమ్మకం లేదు గానీ, ఫోన్లో వీడియోలు చూసి చార్టు చదవడం నేర్చుకున్నాను.

ఆయన కొన్నది ఒక నూలు మిల్లు షేరు. ఎందుకంటే, "గా కంపెనీ నూలు తెగనే తెగది. ఎన్ని పడుగు బీములు నడిపిన నేను!" అన్నాడు. ఇక ఏం చెప్తాం! చార్టులో ధర పదే పదే ఎక్కడిదాకా దిగి లేచిందో అక్కడ నేనొక గీత గీశాను. మార్కెట్ మూసేసరికి ధర ఆ గీత కింద ఉంటే మర్నాడు అమ్మేయాలి, ఫోన్ ఎవరి దగ్గరుంటే వాళ్లే. ఆయన సరేనన్నాడు. లాభం కనిపిస్తున్నప్పుడు ఎవరైనా సరేనంటారు.

ఒక మంగళవారం మార్కెట్ మూసేసరికి ధర గీత కిందికి దిగింది. మర్నాడు ఆయన షెడ్డులో ఉండగా నేను అమ్మేశాను. నొక్కేటప్పుడు చెయ్యి వణికింది. ఇంకొక్క రోజు చూద్దామని నా ప్రాణమూ కొట్టుకుంది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

వారం తిరగకుండా ధర మళ్లీ ఎక్కింది.

"ఇగ సాలా? కడుపు నిండిందా? మనిషివా, మిషన్‌వా నువ్వు?" అని ఆయన పళ్లెం ముందు నుంచి లేచిపోయాడు.

నాకూ ఒళ్లు మండింది. "గీతకు ఒప్పుకున్నప్పుడు ఏడ వోయింది గీ నోరు?" అన్నాను.

పోయింది రాబట్టాలని ఆయన షెడ్డులో మీటర్లు పెంచబోయాడు. అడ్డంగా పోయే పేక దారం తెగితే సాంచ దానంతటదే ఆగేలా ఒక చిన్న ఇనుప ముల్లు ఉంటుంది. దుమ్ము పడినా అది ఊరికే ఆపేస్తుంటుంది. కూలీ మీటర్ల లెక్కన కాబట్టి మనిషికి చిర్రెత్తుతుంది. ఆయన దాన్ని పురికొసతో కట్టేశాడు. తెగని నూలే కదా అని. తెగింది. ఆయన పక్క సాంచ దగ్గరుంటే ఇది పేక లేకుండానే తిరిగింది. ఆసామి ఆ గుడ్డ వద్దన్నాడు, ఖరీదు కూలీలో కోస్తానన్నాడు.

గుడ్డ చుట్ట చంకలో పెట్టుకుని ఇంటికొచ్చాడు. విప్పి చూస్తే నడుమ మూరెడు మేర ఉత్త పడుగు పోగులే వేలాడుతున్నాయి. ఆయన ముఖం చూసి జాలేసింది.

ఫోన్ తీసి నా చేతిలో పెట్టి, గుడ్డ మడవసాగాడు. "ఆపే ముల్లును నేనే కట్టేసిన. మళ్ల కొందాం. గీత నువ్వే గియ్యి."

"దిగితే అమ్ముత. అప్పుడు లొల్లి పెట్టొద్దు."

"పెడత. నా సంగతి నాకెరుకే. ఏడ్సినా, కాళ్లు వట్టుకున్నా ఇనకు."

"మళ్ల నా చెయ్యి వణికితే?" అన్నాను.

ఆయన గుడ్డ మడవడం ఆపి నా వైపు చూశాడు.

"నీకు గూడ వణికిందా?"